ఇలిష్ కొనని రోజు

మా పెదనాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. మా చెల్లి, అంటే మా బాబాయి కూతురు, ఈ ఊళ్లోనే ఒక బడిలో డ్రిల్లు టీచరు. సాయంత్రాలు అమ్మాయిలకు ఫుట్‌బాల్ నేర్పుతుంది. ఇద్దరికీ ఆ ఆటంటే ప్రాణం. ఆ ఆట గురించి మాట్లాడుకుంటే మాత్రం ఇద్దరికీ ఒక్క క్షణం పడదు.

ఈమధ్య చెల్లి నాలుగు జట్లతో అమ్మాయిల పోటీలు పెట్టింది. నాలుగు ఆదివారాలు జరిగాయి. ఫైనలు అయిన రాత్రి ముగ్గురం మలంచలో పెదనాన్న ఇంటి అరుగు మీద కూర్చున్నాం. మధ్యలో పళ్లెం నిండా మూరీ (మరమరాలు), ఆలూ చాపు. చెల్లి చేయి పెట్టలేదు. బూట్లయినా విప్పలేదు. ఆ రాత్రి వాళ్లిద్దరూ అనుకున్న మాటలు గుర్తున్నంతవరకు రాస్తున్నాను. నాకు మధ్యలో తోచినవి కూడా రాస్తాను.

చెల్లి: ముప్పై ఏడు మంది పెదనాన్నా. నేనే లెక్కపెట్టాను. మొదటి ఆదివారం గోడ పొడుగునా సైకిళ్లు ఆనించుకుని నిలబడ్డారు. బంతి బయటికి పోతే ఎత్తివ్వడానికి పిల్లలు తోసుకున్నారు. రెండో వారానికి సగమయ్యారు. ఇవాళ ఫైనలుకి ముప్పై ఏడు మంది.

పెదనాన్న: మొదటి వారం వింత చూడ్డానికొచ్చారమ్మా. ఆడపిల్లలు నిక్కర్లేసుకుని బంతి తన్నుతారట, చూసొద్దాం అనుకుని వచ్చారు. వింత ఒక్కసారికే. రెండోసారి రావాలంటే ఆట కావాలి. ఆట బాగుంటే జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. పిలవక్కర్లేదు, బతిమాలక్కర్లేదు.

చెల్లి: నువ్వు ఫైనలుకి వచ్చావా?

పెదనాన్న: రాలేదు.

చెల్లి: మరి ఆట బాగోలేదని నీకెవరు చెప్పారు?

పెదనాన్న: ఇవాళ్టిది చూడలేదు గానీ టీవీలో చూశాను కదా. 2022లో మన దేశంలోనే పదిహేడేళ్లలోపు ఆడపిల్లల ప్రపంచ కప్ పెట్టారు. మనవాళ్లవి మూడు మ్యాచ్‌లూ భువనేశ్వర్‌లోనే. ఇక్కణ్ణించి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అక్కడుంటాం. అమెరికా మనకి ఎనిమిది కొట్టింది, మొరాకో మూడు, బ్రెజిల్ ఐదు. మనం ఒక్కటీ కొట్టలేదు. పదహారు గోల్స్ తిన్న జట్టుని మళ్లీ చూడ్డానికి రమ్మంటే ఎవడొస్తాడు? జనాన్ని తప్పుపట్టకమ్మా. రోజంతా పనిచేసి అలిసినవాడు ఓడిపోవడం చూడ్డానికి సాయంకాలం ఎందుకు పాడుచేసుకుంటాడు?

చెల్లి: ఆ పిల్లలకి అంతకుముందు ఆడ్డానికి ఏ లీగు ఉంది? ఏ ఊళ్లో ఉంది? పదేళ్లప్పుడే బూట్లు తొడుక్కున్న అమెరికా పిల్లల ముందు ఒట్టి శిబిరంతో నిలబెట్టారు. ఇంకో మాట. మనవాళ్లు మొదటినుంచీ ఇలాగే ఉన్నారనుకుంటున్నావా? 1980లో కోళికోడ్‌లో ఆసియా పోటీలు జరిగితే మనది రెండో స్థానం. 1983లో బ్యాంకాక్‌లో మళ్లీ రెండో స్థానం. ఆ ఏడే శాంతి మల్లిక్‌కి అర్జున అవార్డు వచ్చింది. ఆడ ఫుట్‌బాలర్లలో మొదటి అర్జున ఆమెదే. ఎక్కడో పుట్టలేదు, మన బెంగాల్ మనిషి. తరవాత ఏమైంది? రానురాను మ్యాచ్‌లే తగ్గించేశారు. ఆడకపోతే ప్రపంచ జాబితాలో పేరెలా ఉంటుంది? 2009లో ర్యాంకింగుల్లోంచి భారత్ పేరే తీసేశారు. ఓడినందుకు కాదు, ఆడనందుకు. ఆట పడిపోయిందంటావు నువ్వు. ఆడనిచ్చారా అంటాను నేను.

పెదనాన్న: పాత గొప్పలు చెబితే టికెట్లు తెగవమ్మా.

ఇక్కడ పెదనాన్న మాట కరుగ్గానే ఉంది గానీ, దాన్ని తోసెయ్యడానికి లేదు. అన్యాయం జరిగిందని తెలిసినంత మాత్రాన ఎవరూ మైదానానికి రారు. జాలిపడి ఒకసారి వస్తారేమో. అయినా ఆయన పాత గొప్పలు వద్దంటూనే తన పాత రోజుల్లోకి వెళ్లిపోయారు. మా ఇంట్లో ఎప్పుడూ జరిగేదే.

పెదనాన్న: మా రోజుల్లో ఎవరు పిలిచారు మమ్మల్ని? కలకత్తా లీగులో బి.ఎన్.ఆర్. ఆడుతోందంటే ఊరికి ఊరు రేడియో ముందుండేది. బెంగాల్ నాగపూర్ రైల్వే, మన రైల్వే! హైదరాబాదు ఆటగాడు తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్ వదిలాక వచ్చింది బి.ఎన్.ఆర్.కే. అప్పలరాజు ఉండేవాడు. ఆ పేరు వింటే చాలు, ఏ వైపువాడో తెలిసిపోద్ది. 1964లో ఆసియా కప్‌లో దక్షిణ కొరియా మీద రెండో నిమిషంలోనే గోలు కొట్టాడు. ఆ ఏడు ఆసియాలో మనది రెండో స్థానం. ఆ కథ మా నాన్న వందసార్లు చెప్పుంటాడు. ఇంక మన ఊళ్లో సంగతి. సాయంత్రం వర్క్‌షాప్ సైరన్ మోగితే ఇంటికెళ్లేవాళ్లం కాదు. చేతులకి గ్రీజు అలాగే ఉండేది, సైకిలెక్కి నేరుగా మైదానానికే. షాపుకీ షాపుకీ మధ్య పోటీలు. మా షాపులో లేత్ మీద పనిచేసే కుర్రాడు లెఫ్ట్ వింగు ఆడేవాడు. పొద్దున నా డబ్బాలో పులిహోర తిన్నవాడు సాయంత్రం బంతి తీసుకుని గీత వెంట పరిగెడుతుంటే, నేనే పరిగెడుతున్నట్టుండేది.

చెల్లి: వాడు బలరాం అంత బాగా ఆడేవాడా?

పెదనాన్న: ఎక్కడి బలరాం! కుడికాలితో బంతి ముట్టుకోవడమే తెలీదు వాడికి.

చెల్లి: మరెందుకు వెళ్లావు?

పెదనాన్న: మా వాడు కదా!

చెల్లి: అదే పెదనాన్నా, నేనూ అదే అంటున్నాను. ఆట గొప్పదని వెళ్లలేదు నువ్వు. నీ డబ్బాలో తిన్నవాడని వెళ్లావు. మా పిల్లల్ని మాత్రం ముందు గొప్పగా ఆడి చూపించమంటున్నావు, అప్పుడొస్తానంటున్నావు. మీ లెఫ్ట్ వింగుకి పెట్టని పరీక్ష వీళ్లకెందుకు?

పెదనాన్న ఏదో అనబోయి ఆగిపోయారు. గుప్పెడు మూరీ తీసుకుని తినకుండా పట్టుకున్నారు. ఆ నిమిషంలో చెల్లి గెలిచిందని నాకనిపించింది. కానీ అంతలోనే ఆమె ఇంకో కథ మొదలుపెట్టింది. అది పెదనాన్నకి నిజంగా పనికొచ్చే కథ కాబట్టి ఆపలేదు.

చెల్లి: నీకు వర్క్‌షాప్ కథ ఇష్టం కదా, ఒకటి చెప్తాను. ఇంగ్లండులో ప్రెస్టన్ అని ఒక ఊరు. అక్కడ డిక్ కెర్ అనే కంపెనీ రైలింజన్లు, ట్రాములు తయారుచేసేది. మొదటి ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు సైన్యంలోకి పోతే, ఫ్యాక్టరీలో ఫిరంగి గుండ్లు చేసే పని ఆడవాళ్ల చేతికొచ్చింది. వాళ్లు భోజనాల వేళ యార్డులో బంతి ఆడుతూ ఆడుతూ జట్టు కట్టారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో వాళ్ల మ్యాచ్ చూడ్డానికి 53,000 మంది వచ్చారు. చోటు చాలక ఇంకా వేల మంది గేటు బయటే ఉండిపోయారు. నూరేళ్ల కిందటి మాట ఇది. ఏడాది తిరక్కుండా, 1921 డిసెంబరు 5న, ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం ఏం చేసిందో తెలుసా? ఆడవాళ్లకి తన మైదానాలేవీ ఇవ్వకూడదని తీర్మానం చేసింది. ఈ ఆట ఆడవాళ్ల ఒంటికి సరిపడదని కారణం చెప్పింది. దాదాపు యాభై ఏళ్లు ఆ తలుపు మూసే ఉంచారు. జనం వచ్చారు పెదనాన్నా. వచ్చిన జనాన్ని వెనక్కి పంపేశారు.

పెదనాన్న: ఇంజన్ల కంపెనీ ఆడవాళ్లా! (కాసేపు ఊరుకుని) యాభై మూడు వేలంటే మాటలు కాదు. తప్పు చేశారు, ఒప్పుకుంటాను. కానీ అదంతా అయిపోయింది కదా. ఇప్పుడు తలుపు తెరిచారు, టీవీలో చూపిస్తున్నారు, డబ్బు పోస్తున్నారు. అయినా అదే ఇంగ్లండులో ఆడవాళ్ల లీగుకి జనం తగ్గుతున్నారని నేను పేపర్లో చదివాను. దానికేమంటావు?

చెల్లి: నిజమే. 2024-25లో అక్కడి లీగుకి అంతకుముందు ఏడాది కంటే సుమారు పదో వంతు తగ్గారు. దేశం జట్టు కప్పులు గెలుస్తున్నా తగ్గారు.

పెదనాన్న: చూశావా!

చెల్లి: పూర్తిగా విను. అదే లీగులో ఆర్సెనల్ ఆడవాళ్లు మగవాళ్ల పెద్ద స్టేడియంలోనే ఆడుతున్నారు. 2024 ఫిబ్రవరి 17న మాంచెస్టర్ యునైటెడ్ మీద ఆడితే 60,160 మంది వచ్చారు, ఒక్క టికెట్టూ మిగల్లేదు. చాలా క్లబ్బులు తమ అమ్మాయిల్ని ఊరి చివరికో వేరే ఊరి మైదానానికో పంపిస్తాయి. బస్సు దొరకదు, రైలు దొరకదు. పైగా 2025 నుంచి టీవీ వాళ్ల కోసం చాలా మ్యాచ్‌లు ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి మార్చారు. దూరం నుంచి రావాలంటే పొద్దున్నే బయల్దేరాలి. వాళ్ల చిన్నపిల్లలు కూడా అదే వేళకి ఎక్కడో ఒకచోట ఆడుతుంటారు. ఆట ఒకటే, లీగూ ఒకటే. ఒకచోట నిండింది, ఒకచోట ఖాళీ. తేడా చోటు, వేళ.

పెదనాన్న: చోటు, వేళ అంటావు. సరే. మన దేశానికి రా. 2018లో ముంబైలో మగవాళ్ల జట్టే చైనీస్ తైపీ మీద ఐదు గోల్స్‌తో గెలిస్తే చూసినవాళ్లు 2,569 మంది. సునీల్ ఛెత్రి మొబైలు ముందు నిలబడి, మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, కానీ స్టేడియానికి రండి అని బతిమాలాడు. ఛెత్రి అంతటి ఆటగాడు! తరవాతి మ్యాచ్‌కి టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. తరవాత? ప్రతి మ్యాచ్‌కీ నిండిందా? బతిమాలితే వచ్చిన జనం బతిమాలడం ఆపగానే పోతారమ్మా. నువ్వూ పాంప్లెట్లు పంచి, వాట్సాప్‌లో పెట్టి, దండం పెట్టి పిలిచావు. వచ్చారు. పోయారు.

చెల్లి దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. బూటు లేసు విప్పడం మొదలుపెట్టింది.

చెల్లి: ఈ మాట మాత్రం నిజం. పిలుపు మొదటిసారికే పనికొస్తుంది. రెండోసారి రావడానికి వాళ్లకి నేనేమీ ఇవ్వలేదు. ఏ పిల్ల ఎవరో చెప్పలేదు. నీలం జట్టు, పసుపు జట్టు అన్నాను. నీలం జట్టు ఎవరికి కావాలి?

ఇద్దరిలో ఒకరు తగ్గి మాట్లాడింది మొదట ఇక్కడే. నేనప్పటిదాకా నోరు మెదపలేదు, అప్పుడు ఒకటడిగాను. మన దేశంలో అమ్మాయిల జాతీయ లీగు ఉంది కదా, అదెలా నడిచింది అని.

చెల్లి: అన్నయ్యా, అడగాల్సిన ప్రశ్నే అడిగావు. 2017 జనవరిలో మొదటి లీగు చివరి అంచె మొత్తం ఢిల్లీలో పెట్టారు. తరవాత షిల్లాంగ్, ఆ తరవాత లూధియానా, బెంగళూరు, 2022లో భువనేశ్వర్, 2023లో అహ్మదాబాద్. జట్లన్నిటినీ ఒక ఊరికి తీసుకెళ్లి, కొన్ని వారాల్లో ఆడించి, ఇళ్లకి పంపించేవాళ్లు. కేరళ గోకులం, తమిళనాడు సేతు జట్లు అహ్మదాబాద్‌లో ఆడుతుంటే అక్కడి మనిషి ఎందుకొస్తాడు? కేరళలో ఉన్న అభిమాని అహ్మదాబాద్ ఎలా వెళ్తాడు? సొంత ఊళ్లో ఒక మ్యాచ్, అవతలి ఊళ్లో ఒక మ్యాచ్ అనే పద్ధతి 2023 డిసెంబరులో గానీ రాలేదు. జనం తగ్గారు, తగ్గారు అంటారు. ఏ ఊరి జనం? జట్టుకి ఊరే లేకుండా చేశారు ఆరేళ్లపాటు.

పెదనాన్న: ఇది మాత్రం నాకు తెలీదు. సొంత మైదానం లేకపోతే అభిమాని ఎక్కడ నిలబడతాడు? సైరన్ మోగాక సైకిలు ఎటు తిప్పాలో మాకు తెలుసు. అందుకే వెళ్లాం.

చెల్లి: ఇంకో సంగతి అడుగుతాను. నువ్వు ఈస్ట్ బెంగాల్ మనిషివి కదా?

పెదనాన్న: పుట్టినప్పట్నుంచీ. మా నాన్న కూడా.

చెల్లి: ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజు గోల్‌బజార్ వెళ్లి ఇలిష్ కొంటావు. పెద్దమ్మ ఆవపిండి నూరి వండుతుంది. మా చిన్నప్పట్నుంచీ చూస్తున్నాం.

పెదనాన్న: కొనాల్సిందే! మోహన్ బగాన్ వాళ్లు రొయ్యలు, మనం ఇలిష్. మన గోదారోళ్ల పులసే కదా అది.

చెల్లి: ఈస్ట్ బెంగాల్ జాతీయ లీగు ఆఖరుసారి ఎప్పుడు గెలిచింది?

పెదనాన్న: 2003-04లో. ఆ తరవాత ఇరవై ఏళ్లు దాటినా గెలవలేదు. ఆ బాధ నీకు తెలీదు.

చెల్లి: 2025 ఏప్రిల్ 11, శుక్రవారం. కల్యాణి స్టేడియం. ఈస్ట్ బెంగాల్, ఒడిశా జట్టు. ఒక్క గోలు తేడాతో గెలిచి ఈస్ట్ బెంగాల్ జాతీయ లీగు ఛాంపియన్ అయింది. ఆడవాళ్ల జట్టు. ఎర్ర పసుపు జెర్సీయే, జెండా కూడా అదే. ఆ గోలు ఎవరు కొట్టారో తెలుసా? గుగులోతు సౌమ్య. నిజామాబాద్ దగ్గర తండాలో పుట్టిన లంబాడీ పిల్ల. మన తెలుగు పిల్ల. అంతకుముందు క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకి ఆడొచ్చింది. ఆ ఏడు దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు కూడా ఆమెకే వచ్చింది. ఆ రోజు నువ్వు ఇలిష్ కొన్నావా పెదనాన్నా?

పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదు. వీధి అవతల రైలు కూత వినిపించింది. లోపల పెద్దమ్మ గిన్నెలు సర్దే చప్పుడు ఆగిపోయింది. ఆమె కూడా వింటోందని నాకు అప్పుడు తెలిసింది.

పెదనాన్న: ఎవరూ చెప్పలేదమ్మా.

చెల్లి: నేనే చెప్పలేదు. నా తప్పు కూడా ఉంది. నువ్వు వినవని అనుకున్నాను.

నన్నడిగితే ఆ రాత్రి మొత్తం మీద అసలు మాట ఇదే. ఈ ఊళ్లో తెలుగువాళ్లు నాలుగు తరాలుగా ఉన్నాం. ధోనీ ఇక్కడ టికెట్ కలెక్టరుగా పనిచేశాడని ఇప్పటికీ వచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతాం. స్టేషనుకి తీసుకెళ్లి పొడుగాటి ప్లాట్‌ఫారం చూపిస్తూ చెబుతాం. కలకత్తా క్లబ్బుకి ఇరవై ఏళ్ల తరవాత జాతీయ లీగు తెచ్చిపెట్టిన తెలుగు అమ్మాయి పేరు మాత్రం మా అరుగు మీదకి రావడానికి ఇన్నాళ్లు పట్టింది. ఆమె ఆడిన మైదానం మాకు నాలుగైదు గంటల దూరం. తెలిసుంటే ఆ రోజు పెదనాన్న వెళ్లేవారా? శుక్రవారం కాబట్టి ఉద్యోగస్తులకి కష్టమే. ఖరగ్‌పూర్ లోకల్లో హౌరా, అక్కణ్ణించి సియాల్దా, సియాల్దా నుంచి కల్యాణి లోకల్. ఆ లీగులో చాలా మ్యాచ్‌లు మధ్యాహ్నం మూడున్నరకే మొదలవుతాయి. రిటైరైన మనిషి కాబట్టి పెదనాన్న వెళ్లగలరు. వర్క్‌షాప్‌లో డ్యూటీలో ఉన్నవాడికి ఎలా కుదురుతుంది?

ఆ తరవాత మాటల్లో పంతం తగ్గింది. వాదన ఆగలేదు గానీ, ఏం చెయ్యాలన్న దానివైపు తిరిగింది.

పెదనాన్న: సరే. జనం రావాలంటే ముందు టికెట్ పెట్టు. పది రూపాయలు.

చెల్లి: ఊరికే రమ్మంటేనే రావడం లేదు!

పెదనాన్న: ఊరికే అంటే చూడ్డానికేమీ లేదని నువ్వే చెప్పినట్టు. పది రూపాయలు పెట్టి కొన్నవాడు జేబులో ఉన్న చీటీ కోసమైనా వస్తాడు. బడిపిల్లలకి ఊరికే ఇయ్యి. పెద్దాళ్లకి వద్దు.

చెల్లి: ఇది ఒప్పుకుంటాను. పెద్ద స్టేడియం మాత్రం వద్దు. సేర్సా స్టేడియంలో ఆడిద్దామని అందరూ అంటున్నారు. అక్కడ మూడొందల మంది వచ్చినా ఎవరూ లేనట్టే ఉంటుంది. మా మైదానంలో అదే మూడొందల మంది గోడ చుట్టూ నిలబడితే గోల్‌కీపరుకి తన ఊపిరి తనకి వినపడదు. అమెరికాలో కాన్సస్ సిటీ వాళ్లు 2024లో ఆడవాళ్ల జట్టు కోసమే స్టేడియం కట్టించారు. వాళ్లు లక్ష సీట్లు కట్టలేదు. పదకొండున్నర వేలు చాలనుకున్నారు.

పెదనాన్న: పిల్లల పేర్లు చెప్పాలి. మైకు కావాలి. శాల్బని వైపు పల్లెల్లో ఖాసీ టోర్నమెంట్లు చూశావు కదా. గెలిచినవాళ్లకి మేక బహుమతి. పొద్దున్నించి సాయంత్రం దాకా చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే ఉంటాయి. ఎందుకనుకున్నావు? మేక కోసం కాదు. మైకులో ఒకడు ఆపకుండా చెబుతుంటాడు, ఫలానా ఊరి పిల్లాడు, ఫలానా వాళ్ల తమ్ముడు అని. నేను అక్కడ సంతాల్ అమ్మాయిలు ఆడ్డం కూడా చూశాను. ఒక్కరూ కదల్లేదు. వాళ్లకి ఆడ ఆట, మగ ఆట అని లేదు, మా ఊరు, మీ ఊరు అని ఉంది.

చెల్లి: మరి అప్పుడు ఆట బాగుందా లేదా అని చూడలేదా నువ్వు?

పెదనాన్న: (తల అడ్డంగా ఊపి) ఆ మాట వదిలెయ్యి. కానీ నేనొకటడుగుతాను, కోప్పడకు. జనం రావడం లేదంటున్నావు. ముప్పై ఏడు మందిలో ఆడవాళ్లెందరు?

చెల్లి: తొమ్మిది మంది. అందులో ఆరుగురు ఆడే పిల్లల అమ్మలే.

పెదనాన్న: ఈ ఊళ్లో సగం మంది ఆడవాళ్లు. వాళ్లే రాకపోతే మమ్మల్నేం అంటావు?

చెల్లికి కోపం రాలేదు. ఆమె చెప్పింది నేను మర్చిపోలేను.

చెల్లి: మా గోల్‌కీపరు అమ్మ సంగతి చెప్తాను. పొద్దున నాలుగింటికి లేచి పిండి రుబ్బుతుంది. గోల్‌బజార్‌లో ఇడ్లీ బండి. పదకొండుకి బండి కడిగి, మధ్యాహ్నం వంట చేసి, రేపటికి పప్పు నానబోసి వచ్చేసరికి మ్యాచ్ సగమైపోతుంది. నాలుగు వారాలూ రెండో సగానికే వచ్చింది. వచ్చి కూర్చోదు. గోలు వెనకాల వల పట్టుకుని నిలబడుతుంది. చేతిలో ఖాళీ స్టీలు క్యాను, మళ్లీ వెళ్లేటప్పుడు పాలు పోయించుకోవాలి. కూతురు బంతి పట్టిన ప్రతిసారీ క్యాను మూత గట్టిగా బిగిస్తుంది. అదే ఆమె చప్పట్లు. మ్యాచ్ పూర్తి కాకుండానే వెళ్లిపోయేది. ఎందుకు వెళ్తున్నావమ్మా అని మూడో వారం అడిగాను. బాత్రూం లేదు కదమ్మా, ఎంతసేపుంటాను అంది. నాలుగు వారాల్లో నాకు తట్టని సంగతి అది. గోల్ పోస్టులకి రంగేయించాను, జెర్సీలు కుట్టించాను, ట్రోఫీ కొన్నాను. ఆడవాళ్లు మూడు గంటలుండాల్సిన చోట బాత్రూం ఏర్పాటు చెయ్యలేదు. చీకటి పడ్డాక ఇంటికెలా వెళ్తారో ఆలోచించలేదు. వాళ్లకి ఇష్టం లేక రాలేదని నువ్వంటావా?

పెదనాన్న: అనను.

చెల్లి: మూడింటికి కాకుండా నాలుగున్నరకి పెడితే ఆమె మొదటినుంచీ చూస్తుంది.

పెదనాన్న: ఎండాకాలంలో నాలుగున్నరైతే వెలుతురు సరిపోద్ది. చలికాలంలో లైటు కావాలి. లైటుకి ఖర్చవుద్ది. టికెట్ డబ్బులు దానికి. నేను చెప్పాను కదా, పది రూపాయలని.

ఆయన గెలిచినట్టే మాట్లాడారు. చెల్లి ఒప్పుకున్నట్టే తలాడించింది. ఆట స్థాయి మీద మాత్రం ఇద్దరూ రాజీపడలేదు. మంచి కోచింగ్, ఏడాది పొడుగునా మ్యాచ్‌లు లేకుండా జనాన్ని కూడగడితే రెండేళ్లలో విసుగొస్తుందని పెదనాన్న ఇప్పటికీ అంటారు. గోడ చుట్టూ మనుషులు లేకపోతే ఏ పిల్లా పదిహేడేళ్లు దాటాక ఆడదని, ఇంట్లోవాళ్లు మాన్పించేస్తారని చెల్లి అంటుంది. ఇద్దరి మాటా నిజమేనని నాకనిపిస్తుంది. కానీ ఏది ముందు అని అడిగితే నేను చెల్లి వైపే. 2025 జూలైలో థాయ్‌లాండ్‌ని వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి మన అమ్మాయిలు ఆసియా కప్‌కి అర్హత సంపాదించారు. రెండు గోల్సూ కొట్టిన సంగీతా బాస్‌ఫోర్ ఆ కల్యాణి అమ్మాయే. ఆట స్థాయి ఎదిగిందని ఇంకెవరికీ రుజువు చూపించనక్కర్లేదు. ఇప్పుడు చూసేవాళ్లు ఎదగాలి.

లేచి వెళ్లబోతుంటే పెదనాన్న ఆపారు.

పెదనాన్న: ఆ ఇడ్లీ బండి ఆవిడ ఎవరింటి మనిషి?

చెల్లి ఆవిడ మామగారి పేరు చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను. పెదనాన్నతో పాటు వర్క్‌షాప్‌లో లేత్ మీద పనిచేసిన మనిషి ఆయన. లెఫ్ట్ వింగు.

పెదనాన్న: వాడి మనవరాలా? గోలు కీపరా? (పళ్లెం పక్కకి జరిపి) అది ముందు చెప్పాలి కదమ్మా.

తరవాతి పోటీలు ఆదివారాలు సాయంత్రం నాలుగున్నరకి. పెద్దవాళ్లకి పది రూపాయల టికెట్, బడిపిల్లలకి ఉచితం. మైదానం పక్క ఇంటివాళ్లు ఆడవాళ్ల కోసం తమ బాత్రూం తెరిచి ఉంచుతామన్నారు. మైకులో జట్టు రంగులతో పాటు పిల్లల పేర్లు, పేటల పేర్లు, తాతల పేర్లు కూడా చెబుతారు. నింపురా, మథురాకాటి, చోటా టెంగ్రా, ఖరిదా వైపు తెలుగువాళ్లందరినీ అడుగుతున్నాను. ఒక్క ఆదివారం రండి. ఇంట్లో ఆడవాళ్లని కూడా తీసుకురండి, మొదటి సగం నుంచే.